బేసు పెంచప్పా!

కచేరీకి పోయినవాళ్లు పాట వింటారు. హెన్రీ సారు బేసు వింటాడు.

స్టేజీ మీద ఒకడు గొంతు చించుకుని పాడుతుంటాడు, ఇంకొకడు డ్రమ్ముల మీద పగబట్టినట్టు బాదుతుంటాడు, మరొకడు జుట్టు మొహం మీద పడేసుకుని గిటారు గీకుతుంటాడు. వీళ్లెవరూ ఆయనకు ఆనరు. ఆయన చూపంతా వెనక మూల, లైటు సరిగ్గా పడని చోట, నాలుగు తీగల గిటారు మెడకు తగిలించుకుని నిలబడిన మనిషి మీదే ఉంటుంది. ఆ గిటారు పలికేది అడుగు గొంతు. చెవికంటే ముందు పొట్టకు తెలుస్తుంది. అది తెలియకపోతే హెన్రీ సారు లేచి నిలబడి, ఎంతమంది పెద్దలున్నా సరే, ఒకటే కేక: "బేసు పెంచప్పా!"

ఆ మూల నిలబడిన మనిషి ప్రేమజ్యోతి. ఊరు ఆలూరు. ఉద్యోగం కర్నూల్లో ఒక ల్యాబులో జనాల రక్తం తీయడం. ఆమె బేసు పట్టడం వెనక పెద్ద ఆశయమేమీ లేదు. చర్చిలో యూత్ పిల్లలకు వాయిద్యాలు పంచిన ఆదివారం ఆమె పది నిమిషాలు ఆలస్యంగా పోయింది. గిటారు ఒకరు తీసుకున్నారు, కీబోర్డు ఇంకొకరు తీసుకున్నారు, డ్రమ్ముల కోసం ముగ్గురు కొట్లాడుకుంటున్నారు. గోడకు ఆనించి ఇదొక్కటి మిగిలింది.

"తీసుకోమ్మా, భయపడొద్దు. అది ఎవురికీ వినపడదు, తప్పు వాయించినా ఏం కాదు" అని ధైర్యం చెప్పాడు పాస్టరు ఏసన్న.

ఆనాటి నుంచి ఆమెను లోకం ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది. "ఏమ్మా, నాలుగే తీగలుండాయి, కడమ రెండు తెగిపోయినాయా?" ఇది ల్యాబులో డాక్టరు అడిగాడు. బస్సులో కండక్టరు అడిగాడు. పెండ్లి చూపులకు వచ్చిన ఒకాయన అడిగి, "ఏసుకోవచ్చు గదా, తీగలెంతుంటాయి?" అని జాలి కూడా పడ్డాడు. ఆ సంబంధం అక్కడితో తెగింది.

ముగ్గురు కలిసి పెట్టుకున్న బ్యాండు పేరు నల్లరేగడి. డ్రమ్ములు వసంతకుమార్‌వి. అతను వారానికి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు 'ఊ'లు. పాటా, లీడు గిటారూ, జుట్టూ అవినాష్‌వి. అవినాష్ వాళ్ల నాయనకు పొలాలు పోయి కంకర క్రషర్లు వచ్చాయి, క్రషర్లు పోయి రాజకీయం వచ్చింది. కొడుక్కు మాత్రం అద్దం ముందు నిలబడి గిటారు వాయించే అలవాటు వచ్చింది.

రెండేళ్ల కిందట వాళ్ల మొదటి కచేరీ, కర్నూలు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీ వార్షికోత్సవంలో. ముఖ్య అతిథి 'రెండు మాటలు' అని మైకు పట్టుకుని యాభై నిమిషాలు మాట్లాడాడు. మిగిలిన సమయంలో వీళ్లకు మూడు పాటలు దక్కాయి. మొదటి పాటంతా జ్యోతి తీగలు లాగుతూనే ఉంది. ఏమీ వినపడలేదు. గాలిలో వేళ్లాడించినట్టుంది. నిజంగానే ఇది ఎవరికీ వినపడని వాయిద్యమేమో అనుకుంది.

రెండో పాట మొదలయ్యాక, బ్యాండుకు సౌండు చూసుకునే మాబాషా పక్క నుంచి ఒక ముసలాయన విసవిసా ముందుకు వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో నీళ్లతో స్టీలు గ్లాసు. స్పాన్సర్లకని తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు దాటుకుని వచ్చి, ఆ గ్లాసును స్పీకరు మీద పెట్టి, నీళ్లలోకి వంగి చూసి, వెనక్కి తిరిగి అరిచాడు.

"బేసు పెంచప్పా! నీళ్లు కదల్లేదు!"

మాబాషా పెంచాడు. జ్యోతి కాళ్ల కింద చెక్కలు ధుమ్మన్నాయి. తను వాయించేది తనకే మొదటిసారి వినపడింది. ఎంత బాగుందంటే భయమేసి ఒక తీగ తప్పు నొక్కింది. ముసలాయన గ్లాసులో నీళ్లు వణకడం చూసి తృప్తిగా తలాడించి, బస్సు సాగనంపే కండక్టరు మాదిరి కేక పెట్టాడు: "రైట్... రైట్!"

కచేరీ అయ్యాక ఆమె దగ్గరికి వచ్చాడు. పేరు హెన్రీ. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కు. రిటైరయ్యాక ఆ కాలేజీ బస్సులు చూసుకుంటున్నాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి, బండికి ఏం జబ్బో చెప్పగల మనిషి అని పేరు.

"ఏమ్మా, పేరేంది?"

"ప్రేమజ్యోతి సార్." కడమ రెండు తీగల సంగతి అడుగుతాడేమోనని ఆమె సిద్ధంగా ఉంది.

"చూడు జ్యోతమ్మా. ఆ ముందర ఎగురుతాండాడే, ఆ పిల్లోడు హారను. బాగా మోగుతాండాడు, కాదనను. డ్రమ్ముల పిల్లోడు కండక్టరు, యాడ ఆపల్లో యాడ పోవల్లో గంట కొడతాడు. నువ్వు ఇంజను. హారను చూసి ఎవురన్నా బస్సెక్కుతారా? మూడో పాటలో గేరు మార్చేటప్పుడు క్లచ్చి సరిగ్గా తొక్కలేదు. మళ్లీసారి చూసుకో."

జ్యోతి ఇంటికి పోయి చూసుకుంది. మూడో పాటలో చరణం నుంచి పల్లవికి వచ్చేచోట నిజంగానే అర క్షణం తడబడింది. అది అవినాష్‌కు తెలియదు. వసంతకుమార్‌కు తెలిసినా చెప్పడు.

ఇక అది మొదలు. నల్లరేగడి ఎక్కడుంటే హెన్రీ సారు అక్కడ. నంద్యాలకు బస్సులో, ఆదోనికి రైల్లో, అహోబిలం దారిలో ఒక రిసార్టుకైతే సిమెంటు లారీలో వచ్చాడు. తెల్లారి ఏడింటికి ఫోను.

"జ్యోతమ్మా, నిన్న రెండో పాట శానా బాగా పోయింది. ఎత్తు మీద లోడు బండి పోయినట్ల, తొందర పడకుండా. నాలుగో పాటలో మాత్రం ఒక చోట న్యూట్రల్‌లో పడినావు."

"అక్కడ కావాలనే ఆపినా సార్."

"అట్లనా?" ఫోనులోనే ఆ చోటు ఒకసారి ధుమ్ ధుమ్ అని పలికి చూసుకున్నాడు. "అయితే బాగుండాది."

ఆయన పుణ్యమా అని ఆమె మారింది. ఎక్కువ వాయించడం మానేసి, ఎక్కడ ఆగాలో నేర్చుకుంది. ఒక్క స్వరాన్ని చివరి దాకా నిలబెట్టి, అది పూర్తిగా చల్లారాక ఇంకొకటి ముట్టుకోవడం నేర్చుకుంది. రోజంతా ల్యాబులో సూదులు గుచ్చిన వేళ్లకు ఆ లావు తీగలు పట్టుకుంటే ప్రాణం లేచివచ్చేది.

ఓర్వకల్లు దగ్గర ఒక రియల్ ఎస్టేటు వెంచరు ప్రారంభం జరిగింది. చుట్టూ బండలే కాబట్టి 'రాళ్ల మధ్య రాక్' అని బ్యానరు కట్టారు. వెంచరు యజమాని స్పీకర్లు చూసి వాస్తు తప్పిందన్నాడు.

"బరువున్నవన్నీ నైరుతిలో ఉండల్లప్పా. ఆ పెద్ద డబ్బాలు ఈశాన్యంలో పెడితే ఒక్క ప్లాటు గూడా పోదు."

అలా బేసు డబ్బాలు రెండూ నైరుతికి పోయాయి. నైరుతిలో బిర్యానీ టెంటు ఉంది. అతిథులంతా స్టేజీ ముందు కూర్చుని సన్నటి శబ్దం వింటుంటే, హెన్రీ సారు ఒక్కడే బిర్యానీ టెంటులో, చెప్పులు విడిచి బండ మీద నిలబడి, కళ్లు మూసుకుని వింటున్నాడు. వడ్డించేవాళ్లు ఆయన ఆకలితో కళ్లు తిరిగి అలా నిలబడ్డాడనుకుని రెండుసార్లు ప్లేటు చేతిలో పెట్టారు. అక్కడి నుంచే కేక వచ్చింది: "రాతిలోకి దిగింది జ్యోతమ్మా! రైట్... రైట్!"

ఇంత పిచ్చి ఉన్న మనిషి పెండ్లి ఊరేగింపుల్లో డీజే డబ్బాలంటే మండిపడేవాడు. "అది బేసు గాదు, గుండెమీద గుద్దడం. బేసు మనిషిని మోయల్ల, తొక్కగూడదు" అనేవాడు. అప్పుడప్పుడు జ్యోతి వాళ్ల చర్చికి వచ్చినప్పుడు కూడా ఆయన చెవి వెనక వరుసలో పాడే లావు గొంతు జోసెఫ్ మీదే. ఒక ఆదివారం అలవాటులో "రైట్ రైట్" అనబోయి, పాస్టరు ఏసన్న చూడగానే "ఆమెన్" అని ముగించాడు.

అవినాష్‌కు మాత్రం ఆయన పేరు చెబితే చాలు, ఒంటికి కారం రాసినట్టుండేది. ఎందుకుండదు? అతను కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆకాశం వైపు చూసి సోలో వాయించిన వీడియో ఒకటి ఇంటర్నెట్టులో పెట్టాడు. మూడు నిమిషాల సోలోలో పదకొండుసార్లు హెన్రీ సారు కేకలే. కింద కామెంట్లు చూస్తే, 'ఎవురప్పా ఆ తాత? సూపరు', 'తాతకు ఛానెల్ ఉందా?' అని అవే. గిటారు గురించి ఒకడే రాశాడు, 'వెనక నిలబడిన అమ్మాయి గిటారుకు నాలుగే తీగలున్నాయేంటి' అని.

ఒక సాయంత్రం ప్రాక్టీసుకు అవినాష్ కొత్త లాప్‌టాప్ తెచ్చాడు.

"జ్యోతీ, ఏమనుకోవద్దు. బేసు ట్రాకు ఇందులోనే ఉంటాదంట, బటన్ నొక్కితే చాలు. కడప ప్రోగ్రాముకు బెంగుళూరు నుంచి పెద్దోళ్లు వస్తాండారు, నచ్చితే ఆడ మనకు షో ఇస్తారు. కడపలో నువ్వు వాయించు. దాని తర్వాత చూస్తాం."

"ఏం చూస్తావు?"

"అంటే... ఎవురికి వినపడుతాది చెప్పు, బేసు? నిజంగా చెప్పు."

జ్యోతి వసంతకుమార్ వైపు చూసింది. అతను డ్రమ్ము బిగించుకుంటున్నాడు. రెండేళ్లలో తన వాయిద్యం విన్నానన్నవాడు ఒక్కడే. ఆయనకు పిచ్చని మూడు తాలూకాలు అంటున్నాయి. అవినాష్ చెప్పిందే నిజమేమో అన్న అనుమానం లోపల పురుగులా దొలవడం మొదలుపెట్టింది. కడప అయ్యాక గిటారు చర్చికి ఇచ్చేద్దామని మనసులో అనుకుంది.

కడపకు రెండు రోజుల ముందు హెన్రీ సారు ఫోను చేశాడు.

"జ్యోతమ్మా, కంటికి శుక్లం తీసినారు. పట్టీ ఏసి బస్సెక్కొద్దంటాండారు. చెవికేం కాలేదు గదప్పా అంటే ఆ డాక్టరు వినడంలేదు."

"ఫరవాలేదు సార్, విశ్రాంతి తీసుకోండి."

"మాబాషాకు ఫోను చేస్తాండా, ఎత్తడంలేదు" అన్నాడాయన. గొంతులో ఏదో కంగారు. కచేరీ తప్పిపోతోందని బాధ కాబోలు అనుకుంది జ్యోతి.

కడపలో హాలు నిండింది. ముందు వరుసలో బెంగుళూరు నుంచి వచ్చిన ముగ్గురు నల్లచొక్కాలు. మొదటి పాట మొదలైంది. జ్యోతి తీగ లాగింది. ఏమీ లేదు. గట్టిగా లాగింది. కాళ్ల కింద చెక్క చెక్కలాగే ఉంది. పాట మొత్తం నడుం విరిగిన మంచంలా కిర్రుమంటూ సాగింది. వసంతకుమార్ ఒకటి రెండుసార్లు జ్యోతి వైపు తిరిగి బేసు కోసం వెతుక్కున్నాడు. రెండో పాటకల్లా జనం ఫోన్లు తీశారు. నల్లచొక్కాల్లో ఒకాయన ఆవలించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే శ్రమ కూడా పడలేదు.

అదృష్టం బాగుండి అంతలో శాలువాలు కప్పే కార్యక్రమం వచ్చింది. వేదిక మీది పెద్దలు పదహారుమంది ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటుంటే, జ్యోతి దిగి నేరుగా సౌండు దగ్గరికి పోయింది.

"మాబాషా అన్నా, ఏమైంది? నా లైను పనిచేయడంలేదా?"

మాబాషా మిషను మీద లేని దుమ్ము తుడిచాడు. "నన్నేమనొద్దు బేటీ. లైను బాగానే ఉండాది. తగ్గించినా."

"ఎందుకు?"

"ఎప్పుడూ తగ్గించే పెడతా. సారు వచ్చి అరిస్తే పెంచుతా. ఇయాల అరిసేవాడు లేడు."

"తగ్గించమని ఎవరు చెప్పినారు?"

మాబాషా కళ్లతో స్టేజీ మీద జుట్టు సర్దుకుంటున్న అవినాష్‌ను చూపించాడు. "మొదటి రోజు కాలేజీలోనే చెప్పినాడు. నా గిటారు మునిగిపోతాండాది, దాన్ని తగ్గించన్నా అని. హెన్రీ సారు ఆ పొద్దు నా పక్కనే నిలబడి విన్నాడు."

"విన్నాడా? రెండేండ్లు నాకెందుకు చెప్పలేదు?"

"నేనూ అదే అడిగినా. చెప్పొద్దన్నాడు. 'తెలిస్తే ఆ పాప మనసు ఇరుగుతాది, బ్యాండు చెడిపోతాది. పిల్లోడు చెడ్డోడు గాదు, ఇంకా చిన్నతనం. నేను అరుస్తా, నువ్వు పెంచు. ముసలోనికి పిచ్చి అనుకుంటారు, అంతేగదా. అనుకోనీ' అన్నాడు."

జ్యోతి అక్కడే కుర్చీలో కూర్చుంది. నంద్యాల బస్సు, ఆదోని రైలు, సిమెంటు లారీ అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తే ఏది ముందు రానివ్వాలో తెలియలేదు. శాలువాలు ఇంకా నాలుగు మిగిలున్నాయి కాబట్టి రెండింటికీ సమయం దొరికింది.

మూడో పాటకు అవినాష్ మైకు దగ్గరికి రాబోతుంటే, ఆమె అతన్ని దాటుకుని ముందుకు వచ్చి నిలబడింది. రెండేళ్లలో ఆమె స్టేజీ ముందు భాగానికి రావడం అదే మొదలు. లైటు కళ్లలో కొట్టింది. ఊపిరి పీల్చి, గొంతు ఎంత ఉందో అంతా పెట్టి అరిచింది.

"మాబాషా అన్నా! బేసు పెంచప్పా!"

హాలంతా గొల్లున నవ్వింది. అవినాష్ మొహం పాలిపోయింది. ఆమె మైకు చేత్తో మూసి అతనితో మెల్లగా అంది, "నా సౌండు తగ్గిస్తే నీ వేళ్లు బాగుపడవు అవినాష్. వాయించు."

వాయించారు. మొదటి స్వరానికే హాలు నేల లోపలి నుంచి ఏదో కదిలినట్టయింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. జ్యోతి తొందరపడలేదు. ఒక్కో స్వరాన్నీ దించి, అది కుదురుకున్నాక ఇంకొకటి దించింది. వసంతకుమార్‌కు దారి దొరికింది. జనం కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. ఎందుకాడుతున్నాయో వాళ్లకు తెలియదు. అందరూ అవినాష్‌నే చూస్తున్నారు. చిత్రమేమంటే, కింద అంత గట్టి నేల దొరికాక అవినాష్ గిటారు కూడా ఎప్పుడూ లేనంత బాగా పలికింది. అది అతనికే అందరికంటే ముందు తెలిసింది. సోలో మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి ఆమె వేళ్ల వైపు చూశాడు.

అంతా అయ్యాక నల్లచొక్కాల పెద్దాయన వచ్చి, అవినాష్ చెయ్యి పట్టుకుని ఊపి, బెంగుళూరుకు రమ్మన్నాడు. "మూడో పాట నుంచి మీ గిటారు అదిరిపోయింది" అని మెచ్చుకున్నాడు. జ్యోతి వైపు తిరిగి, "నాలుగే తీగలా?" అన్నాడు.

తిరుగు దారిలో వ్యాను మైదుకూరు దాటాక అవినాష్ గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ప్రోగ్రాముకు ముందు మా నాయన మన ప్రాక్టీసు చూసినాడు జ్యోతీ. 'అంత ఎగురుతావు, నీదేం వినపడదేమిరా' అన్నాడు. అందుకని... తప్పయింది."

జ్యోతి నోరు తెరిచేలోపే, వెనక సీటులోంచి వసంతకుమార్ ఆ వారం కోటా మాటలు వాడేశాడు. "లాప్‌టాప్ అమ్మెయ్."

మర్నాడు జ్యోతి, అవినాష్ ఇద్దరూ హెన్రీ సారు ఇంటికి పోయారు. ఆయనకు ఒక కంటికి పట్టీ, ఇంకో కంట్లో కోపం.

"ఎవురు చెప్పినారు? మాబాషానా? వాని జనరేటరు రిపేరుకొచ్చినా ఇంక నేను ముట్టను, ఏమన్నా చేసుకోనీ."

అవినాష్ తల వంచుకుని నిలబడ్డాడు. హెన్రీ సారు అతన్ని ఒంటికంటితో పైనుంచి కిందికి చూసి, "నిలబడినావేం, కూచో నాయనా. కడపలో బాగా వాయించినావంట గదా" అన్నాడు. అవినాష్‌కు కూర్చోవడానికి కుర్చీ కనపడటానికి కొంచెం సేపు పట్టింది.

టీ ఇస్తూ వాళ్ల ఇంటామె కృపమణి జ్యోతి చెవి దగ్గర వంగింది. "ఏమ్మా, ఈయప్ప నిజంగా అందరి ముందరా అరుస్తాడా?"

"అరవడమా ఆంటీ! హాలు లేచిపోతాది."

కృపమణి నోరు తెరిచి భర్త వైపు చూసింది. "ముప్పై నాలుగేండ్ల కాపురంలో నా మీద ఒక్క దినం గొంతు పెంచలేదమ్మా. అంగట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేక ఇంటికొచ్చేస్తాడు. గ్యారేజీలో కొత్తగా చేరినోళ్లు ఈయప్పకు మాటలు రావనుకునేవాళ్లంట. నీ ప్రోగ్రాము ఉంటే చాలు, ముందురోజు నుంచీ ముద్ద దిగదు, తోమిన గ్లాసే మళ్లీ తోముతాంటాడు. మనిషికి ఏమొచ్చిందో అనుకునేదాన్ని."

హెన్రీ సారు గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదువుతున్నాడు.

"ఈసారి నన్నూ తీసుకపో. ఆ అరుపు నేనొకసారి వినల్ల" అంది కృపమణి.

ఆ మరుసటి నెలలో ఆలూరు చర్చి నూరేళ్ల పండగ. ఆవరణలో షామియానా, ముందు వరుసలో దంపతులిద్దరూ. అయితే ఆ సాయంత్రం అవినాష్ పాటెత్తుకోకముందే మైకులో, "మాబాషా అన్నా, బేసు సరిపోతాండాదా? ఇంకొంచెం పెంచు" అన్నాడు. మాబాషా పెంచాడు. కుర్చీల కాళ్లు సన్నగా అదిరాయి. హెన్రీ సారుకు అరవడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని హాయిగా వింటున్నాడు.

కృపమణి ఒక పాట చూసింది. రెండు పాటలు చూసింది. మూడో పాటలో మోచేత్తో పొడిచింది.

"ఏమండీ, ఇందులో బేసు ఏది?"

"వినపడలేదా? ఇదో, కింద ధుమ్ ధుమ్ అని పోతాండాది చూడు."

"ఓ, ఇదా?" అంది కృపమణి. "నేను ఇంతసేపూ జనరేటరనుకున్నా."

"జనరేటరా!"

ఆ కేకకు షామియానా ఊగింది. పాట ఆగింది. పాస్టరు ఏసన్న లేచి నిలబడ్డాడు. స్టేజీ మీద జ్యోతి నవ్వు ఆపుకోలేక గిటారు మీదికి వంగిపోయింది. హెన్రీ సారు అందరి వైపూ చూసి, ఎర్రబడి, కుర్చీలో కూరుకుపోయాడు.

కృపమణి మాత్రం కొంగు సర్దుకుని, తృప్తిగా వెనక్కి ఆనుకుంది.

"అబ్బ, ఇప్పుడు వినపడింది" అంది.